మొదటి ప్రశ్న: ఆమె ఒప్పుకుందా?

మునగాల, కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడలలో చదువుకుంటున్న, పని చేసుకుంటున్న ఆడవాళ్లం, మాతో నిలబడ్డ మగవాళ్లం కలిసి ఈ ప్రణాళిక ప్రకటిస్తున్నాం.

ఎందుకంటే

2023 నవంబరులో నటి రష్మిక మందన్న ముఖాన్ని మరో మహిళ వీడియోకు అతికించి డీప్‌ఫేక్ వీడియోగా వదిలారు. ఢిల్లీ పోలీసులు కేసు పెట్టి, 2024 జనవరిలో గుంటూరు ప్రాంతపు యువకుణ్ని అరెస్టు చేశారు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫాలోవర్లను పెంచుకోవడానికే ఈ పని చేశాడని చెప్పారు. 2025లో తనపై వచ్చిన అశ్లీల డీప్‌ఫేక్ వీడియోల మీద చిరంజీవి హైదరాబాద్ పోలీసులకు ఫిర్యాదు చేశారు. వాళ్లకు పేరుంది, లాయర్లున్నారు.

ఓణీల ఫంక్షన్ ఫొటో స్టేటస్‌లో పెట్టుకున్న డిగ్రీ పిల్లకు ఎవరున్నారు? ఆ ఫొటోను బట్టలు తీసేసే యాప్‌లో వేసి కాలేజీ గ్రూపులో పడేస్తే మొదట ఆమె చేతిలో ఫోన్ పోతుంది. తర్వాత బస్‌పాస్ ఆగిపోతుంది. ఆపై ఇంట్లో సంబంధాలు చూడటం మొదలుపెడతారు. చేసినవాడు మాత్రం మర్నాడు అదే బస్సెక్కి కాలేజీకి పోతాడు. లోన్ యాప్ ఏజెంట్లు బాకీదారుల ఫొటోలు మార్ఫింగ్ చేసి చుట్టాలకు పంపిన సంగతీ మన రెండు తెలుగు రాష్ట్రాలకూ తెలిసిందే.

మా సూత్రాలు

1. నేరానికి కొలత అశ్లీలత కాదు, సమ్మతి. ఐటీ చట్టంలోని 67, 67ఎ సెక్షన్లు బొమ్మ ఎంత అసభ్యంగా ఉందో చూస్తాయి. ఆమె ఒప్పుకుందా లేదా అన్నది అడగవు. 66ఇ సెక్షన్ ఒంటిని చాటుగా ఫొటో తీయడం గురించి చెబుతుంది. కంప్యూటర్ సృష్టించిన ఒంటి మాటేమిటి? సమ్మతి లేకుండా లైంగిక డీప్‌ఫేక్ తయారుచేయడం, పంచడం, పంచుతానని బెదిరించడం నేరమని పార్లమెంటు విడిగా ఒక సెక్షన్ చేయాలి.

2. ఇక్కడ వ్యాపారం చేసే కంపెనీ ఇక్కడే జవాబు చెప్పాలి. నిజాం రాజ్యం నడుమ మునగాల పరగణా ఇంగ్లీషు వాళ్ల కృష్ణా జిల్లాలో ముక్కగా ఉండేది. పొలిమేర దాటితే చట్టం మారే రోజులు మా పెద్దలు చూశారు. సర్వర్ ఏ దేశంలో ఉందన్న సాకు మాకు చెప్పొద్దు. ఇతరులు పెట్టిన బొమ్మలకు వేదికను బాధ్యుణ్ని చేయకుండా ఐటీ చట్టం సెక్షన్ 79 ఇచ్చే రక్షణ, తన బాధ్యత నెరవేర్చిన వేదికకే దక్కాలి.

3. గడువు కాగితం మీదే మిగలొద్దు. 2026 ఫిబ్రవరిలో సవరించిన ఐటీ నిబంధనల ప్రకారం ఇలాంటి నగ్న చిత్రాలపై బాధితురాలు ఫిర్యాదు చేస్తే రెండు గంటల్లో తీసేయాలి. కృత్రిమంగా చేసిన వాటికి ఆ సంగతి తెలిపే ముద్ర ఉండాలి. మంచిదే. అయితే ఫిర్యాదు పేజీ తెలుగులో ఉండాలి. ఒకసారి తీసేసిన బొమ్మ మళ్లీ ఎక్కకుండా దాని డిజిటల్ గుర్తుతో అడ్డుకోవాలి. బట్టలు తీసే యాప్‌ల ప్రకటనలు తీసుకుని డబ్బు చేసుకునే కంపెనీని కూడా బాధ్యుల్లో చేర్చాలి.

4. స్టేషన్ గడప దగ్గర తిప్పి పంపొద్దు. ఐటీ చట్టం సెక్షన్ 78 ప్రకారం దర్యాప్తు చేయాల్సింది ఇన్‌స్పెక్టర్, ఆపై అధికారి. ఎస్సై ఉన్న మండల స్టేషన్ ఆ సాకుతో ఫిర్యాదు తీసుకోకపోవడం కుదరదు. సంఘటన ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది. వీడియోను పదిమంది సిబ్బందికి చూపించి వాంగ్మూలం తీసుకునే పద్ధతి పోవాలి.

5. డీప్‌ఫేక్ నేరం పేరుతో నోళ్లు మూయొద్దు. నాయకుల మీద కార్టూన్, వెక్కిరింత, విమర్శ డీప్‌ఫేక్ నేరం కావు. మాట్లాడే స్వేచ్ఛకు అడ్డొచ్చిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లో ఎందుకు కొట్టేసిందో మేం మరిచిపోలేదు. తొలగింపు ఆదేశానికి రాతపూర్వక కారణం, అప్పీలుకు దారి ఉండాలి.

మేం చేసేది

అలాంటి వీడియో మా ఫోన్‌కొస్తే ఇంకొకరికి పంపం, ఎవరిదో అని తెరిచి చూడం. లింకు, పంపిన నంబరు, టైము కనబడేలా స్క్రీన్‌షాట్ తీసుకోవడం, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయడం, సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు నింపడం కాలేజీల్లో, మహిళా సంఘాల మీటింగుల్లో చేసి చూపిస్తాం. పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి డబ్బుతో సర్దుబాటు చేసే పంచాయితీకి పోం. ఏ ఇంట్లోనూ ఆడపిల్ల ఫోన్ గుంజుకోనివ్వం, చదువు మాన్పించనివ్వం.

కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ మూడూ నల్గొండ పార్లమెంటు స్థానంలోనే ఉన్నాయి. ఓటడగడానికి వచ్చే ప్రతి అభ్యర్థినీ మేం అడిగేది ఒక్కటే: సమ్మతి ప్రాతిపదికగా చట్టం కావాలని సభలో లేచి మాట్లాడతారా? అవునంటే సంతకం పెట్టించుకుంటాం. పెట్టనివారి పేర్లు ఊరూరా చదివి వినిపిస్తాం.