జీతాల షీటును మాన్యువల్‌ల పెట్టకుండ్రి

ఇయ్యాల ఎక్సెల్ గురించి రాస్తున్న. "అది ఆఫీసోళ్ల పని, మనకెందుకన్నా" అనకుండ్రి. దుబాయిల చానా సైట్లల్ల మన ఓటీ గంటలు ఎక్కేది ఆ షీట్లనే. అండ్ల మొత్తం తప్పు పడితే చిల్లు పడేది మన జేబుకే. నాది పదో తరగతి చదువు. ఎక్సెల్ సైటు ఆఫీసుల కూసొనే నేర్చుకున్న. అందుకే మనకు సమజయ్యేటట్టు చెప్త.

నా మాట ఒక్కటే. జీతాలు లెక్కగట్టే ఫైలు ఎంత స్లో అయినా సరే, దాన్ని మాన్యువల్ కాలిక్యులేషన్‌ల ఉంచొద్దు.

మామూలుగా ఒక గడిల అంకె మారిస్తే దాని మీద ఆధారపడ్డ మొత్తాలన్నీ వాటంతటవే మారుతయి. అది ఆటోమేటిక్. వందల మంది పేర్లు, నెలకో షీటు చేరి ఫైలు బరువైతే, ఒక్క అంకె కొట్టంగనే గిర్రున తిరుగుడు మొదలైతది. అప్పుడు ఎవరో ఒకరు ఫార్ములాస్‌లకు పోయి, కాలిక్యులేషన్ ఆప్షన్స్‌ల మాన్యువల్ పెడ్తరు. సేవ్ చేసేటప్పుడు లెక్క మళ్ల వేసుకునే టిక్కు ఒకటుంటది. టైం పడ్తదని దాన్ని గూడ తీసేస్తరు. ఇగ ఫైలు గుర్రం లెక్క ఉరుకుతది. మొత్తాలు మాత్రం ఎఫ్ 9 నొక్కేదాకా పాతయే ఉంటయి.

ఇంకో తిరకాసు ఉంది. ముందుగాల తెరిచిన ఫైలు మాన్యువల్‌ల ఉంటే, దాని తర్వాత తెరిచినయి గూడ అదే దారిల నడుస్తయి. అంటే ఒక్కరి ఫైలుకు పట్టిన రోగం పక్క ఫైలుకు అంటుకుంటది.

నిరుడు మా క్యాంపుల ఒక షట్టరింగ్ కార్పెంటర్ తమ్మునికి ఇదే అయింది. రోజువారీగా కూడితే ఓటీ 36 గంటలు. స్లిప్పుల 20 ఉంది. అడిగితే "సిస్టంల ఇంతే చూపిస్తుంది" అన్నరు. షీటు తెరిచి చూస్తే రోజుల గడీలన్నీ సరిగ్గనే ఉన్నయి. మొత్తం మాత్రం నెల నడుమల ఆగిపోయింది. ఎఫ్ 9 నొక్కంగనే 20 పోయి 36 వచ్చింది. ఆ తమ్ముని బేసిక్ 1200 దిర్హములు. 30 రోజులకు, 8 గంటలకు భాగిస్తే గంటకు 5. ఓటీకి చట్టం ప్రకారం 25 శాతం కలిపితే 6.25. పోయిన 16 గంటలకు 100 దిర్హములు. ఆఫీసులకు అది చిన్న అంకె. ఇంటికి పైసలు పంపేటోనికి చిన్నది కాదు.

టైమ్ కీపర్ పని చేసే మన పిల్లలకు చెప్పేది ఇది. మొత్తం మీద అనుమానం వస్తే కింది పట్టీల "కాలిక్యులేట్" అని ఉందా చూడుండ్రి. ఉంటే ఎఫ్ 9 నొక్కుండ్రి. అయినా మారకపోతే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్ 9 కలిపి నొక్కితే తెరిచి ఉన్న ఫైళ్లల్ల ఫార్ములాలన్నీ మళ్ల లెక్క అయితయి. అప్పటికీ రాకపోతే, గడి మూలకు చిన్న ఆకుపచ్చ గుర్తు ఉండి అంకె ఎడమ దిక్కు అంటుకొని ఉందేమో చూడుండ్రి. అది అంకె కాదు, టెక్స్ట్. సమ్ దాన్ని లెక్కల పట్టదు, ఎన్ని ఎఫ్ 9లు కొట్టినా అంతే. దాన్ని నంబర్‌గా మార్చాలె. ఇంకొకటి, టైం ఫార్మాట్‌ల ఉన్న గడిల 30 గంటలు 6:00 అని కనబడొచ్చు. 24 దాటంగనే మళ్ల సున్నా నుంచి చూపిస్తది. ఫార్మాట్‌ల గంటల అక్షరానికి చదరపు బ్రాకెట్ పెడితే 30:00 అనే వస్తది.

స్లో అయితదంటే మందు మూలానికి వెయ్యాలె. పాత నెలలు వేరే ఫైలుకు పంపుండ్రి. టుడే, నౌ, ఆఫ్‌సెట్, ఇన్‌డైరెక్ట్ వేల గడీలల్ల ఉంటే, ఏ గడి మార్చినా అవన్నీ మళ్ల లెక్క వేసుకుంటయి. వాటిని తగ్గియ్యుండ్రి. టుడే బదులు తేదీని ఒక గడిల చేత్తో కొట్టినా నడుస్తది.

ఇంజనీర్లు "మాన్యువల్ లేకుంటే పెద్ద ఫైలు నడవదు" అంటరు. వాళ్ల ఎస్టిమేట్ ఫైలు సంగతి వేరు. ఒక్కరే చూస్తరు, లెక్క ఎప్పుడు వెయ్యాలెనో వాళ్లకు ఎరుక. జీతాల ఫైలు మీద నలుగురి చేతులు పడ్తయి. నలుగురూ ఎఫ్ 9 గుర్తు పెట్టుకుంటరని నమ్మి మనిషి కష్టాన్ని అండ్ల పెట్టుడు నాయం కాదు.

ఇగ పని చేసే అన్నలారా, మీ గంటలు మీ దగ్గర ఉండాలె. చిన్న నోటుబుక్కుల తేదీ, ఎక్కిన టైం, దిగిన టైం రాసుకోండ్రి. షిఫ్టు డ్యూటీ కానోళ్లు రాత్రి 10 నుంచి పొద్దున 4 నడుమ ఓటీ చేస్తే చట్టం ప్రకారం 50 శాతం ఎక్కువ రావాలె. ఆ గంటలు వేరేగా రాసుకోండ్రి. టైమ్ షీటు మీద సంతకం పెట్టే ముందు మొత్తం చూసుకోండ్రి. తేడా వస్తే కొట్లాట వద్దు. నోటుబుక్కు ముందట పెట్టి, "అన్నా, ఒక్కసారి ఎఫ్ 9 కొట్టు" అనుండ్రి. అడిగితే తప్పు లేదు. అది మన చెమట లెక్క.