పంచారామాల బస్సు ముదినేపల్లిలో ఆగదు

కార్తీకమాసం వచ్చిందంటే ఆర్టీసీవారి పంచారామ యాత్రల ప్రకటనలు బస్టాండు గోడలమీద కనిపిస్తాయి. తెల్లవారుజామున అమరావతిలో అమరేశ్వరుడు, భీమవరం గునుపూడిలో సోమేశ్వరుడు, పాలకొల్లులో క్షీరారామలింగేశ్వరుడు, ద్రాక్షారామంలో భీమేశ్వరుడు, రాత్రికి సామర్లకోటలో కుమారారామం. ఒక్కరోజులో అయిదు దర్శనాలు. పామర్రు, గుడివాడ మీదుగా వచ్చే బస్సులు ముదినేపల్లిని దాటి కైకలూరు, ఆకివీడుల గుండా భీమవరం చేరుతాయి. ముదినేపల్లిలో అవి ఆగవు. ఆగడానికి అక్కడ ఏముందని అడిగేవారికే ఈ నాలుగు మాటలు.

ముందుగా ఆ బస్సుకు దక్కవలసిన గౌరవం దానికివ్వాలి. సొంత వాహనం లేనివారు, ఒంటరిగా గడప దాటలేని వృద్ధురాళ్లు, పది రూపాయలు కూడబెట్టి ఏడాదికొక యాత్ర చేసేవారు ఆ బస్సువల్లనే ద్రాక్షారామం చూడగలుగుతున్నారు. విమానమెక్కి దేశాలు తిరిగేవారు ఈ యాత్రను చూసి నవ్వడం నాకు నచ్చదు. ఒక బస్సులో నలభైమంది కలిసి పోవడం నలభై కార్లలో పోవడంకంటె దారికీ గాలికీ ఎంతో మేలు కూడాను.

నా పేచీ అంతా ఆ తొందరతోనే. సోమారామంలోని లింగం పున్నమికి తెల్లగానూ అమావాస్యకు నల్లగానూ కనిపిస్తుందని ప్రసిద్ధి. అంటే ఆ గుడిని సరిగా చూడాలంటే కనీసం రెండుసార్లు రావాలి. మనం అరగంటలో వరుసలో నిలబడి, దణ్ణం పెట్టి, బస్సు హారను విని పరుగెత్తుతాము. ద్రాక్షారామం గోడలమీదా స్తంభాలమీదా వందల శాసనాలున్నాయి. తూర్పు చాళుక్యుల కాలం మొదలు ఎవరు ఏ దీపానికి ఎన్ని గొర్రెలిచ్చారో అక్కడ చదువుకోవచ్చు. అవి చదివి చెప్పే మనిషి ఒక్కడైనా ఆ బస్సులో ఉండడు. దీనిని సాంస్కృతిక యాత్ర అనడానికి నాకు నోరు రాదు.

ఇక ముదినేపల్లి దారి సంగతి. గుడివాడ దాటిన దగ్గరనుంచి రోడ్డుకు ఇరువైపులా నీళ్లు కనిపిస్తాయి. కొత్తగా వచ్చినవారు కిటికీలోంచి చూసి "ఇదేనా కొల్లేరు?" అంటారు. కాదు. అవి ఒకనాటి వరిచేలను తవ్వి గట్లు పోసిన చేపల చెరువులు. కొల్లేరు ఇంకా ఉత్తరాన ఉంది. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో బుడమేరు, తమ్మిలేరు, రామిలేరుల నీటిని పట్టుకుని, ఉప్పుటేరు ద్వారా సముద్రానికి వదిలే మంచినీటి సరస్సు అది. అయిదో కాంటూరు వరకూ లెక్కిస్తే సుమారు 308 చదరపు కిలోమీటర్లు. 1999లో దానిని అభయారణ్యంగా ప్రకటించారు. 2002 ఆగస్టు 19న రాంసార్ ఒడంబడిక కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా గుర్తింపు వచ్చింది. 2006లో ప్రభుత్వం "ఆపరేషన్ కొల్లేరు" పేరిట సరస్సులోని చెరువుల గట్లను తెగ్గొట్టించింది.

ఆ గట్లు తెగడం అవసరమే. అవి సరస్సు ఊపిరి బిగబట్టాయి. అయితే తెగిన గట్లలో పెట్టుబడిదారులవి ఉన్నాయి, లంకగ్రామాల మత్స్యకారుల సొసైటీలవీ ఉన్నాయి. పెట్టుబడిదారుడు మరో చోట చెరువు తవ్వుకున్నాడు. లంకవాసికి మరో చోటు లేదు. కొల్లేటిలో పక్షులు బతకడానికి ఎవరైనా చేతినుంచి సొమ్ము చెల్లించారంటే వారు ఈ లంకలవారే. ఆదివారంనాడు కెమెరా మెడలో వేసుకుని వచ్చే మనం కాదు. ఈ లెక్క మనసులో పెట్టుకోకుండా చేసే విహారం ఎంత అందంగా ఉన్నా నాకు అందులో ఏదో అప్పు ఎగవేత కనిపిస్తుంది.

కైకలూరు పక్కనే ఆటపాక పక్షికేంద్రం ఉంది. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు అక్కడ గూళ్లు కడతాయి. చెట్లు చాలక అటవీశాఖవారు నీటిలో ఇనుప స్టాండ్లు నిలబెడితే వాటిమీద కూడా కాపురాలు పెట్టాయి. ఈ గూడబాతుకు మనుషులంటే పూర్వం ఇంత బెదురు లేదు. పక్షిశాస్త్రజ్ఞుడు కె. కె. నీలకంఠన్ 1946లో పశ్చిమ గోదావరి జిల్లాలోని ఒక పల్లెలో వీటి పెద్ద గూళ్లస్థావరాన్ని కనిపెట్టాడు. అరణ్యంలో కాదు సుమా, పల్లెటూరి చెట్లమీద.

ఇప్పుడు చిక్కెక్కడంటే, గూడబాతులు గూళ్లు కట్టే కాలమూ మన వనభోజనాల కాలమూ ఒకటే. కార్తీకంలో గుంపులు గుంపులుగా వస్తారు. ఉసిరిచెట్టు పేరిట ఏదో ఒక చెట్టు, దానికింద మైకు, పాటలు, విస్తరాకుల చోట ప్లాస్టిక్ పళ్లేలు. పడవ గూళ్ల దగ్గరికి పోనిమ్మని గద్దింపు. తల్లిపక్షి బెదిరి లేచిన ఆ కొద్దిసేపు చాలు, గుడ్లను కాకులు ఎత్తుకుపోవడానికి. బియ్యం, కూరలు, వంటమనిషితోసహా అన్నీ ఊరినుంచి తెచ్చుకుంటారు గనుక స్థానికులకు మిగిలేది ఎంగిలి పళ్లేలు. పైగా, కొల్లేటికి వచ్చి కూడా కార్తీకవ్రతం కనుక కొర్రమీను ముట్టరు. వ్రతాన్ని నేను తప్పుపట్టను. కాని చేపమీద బతికే ఊరికి ఆ నెల అతిథివల్ల పైసా రాదన్నది నిజం.

ఇలాంటిదే మరో సరస్సు కథ చెబుతాను. కేరళలోని వేంబనాడుకూ రాంసార్ గుర్తింపు వచ్చింది కొల్లేటితోపాటు అదే రోజున. దాని ఒడ్డున కుమరకంలో హోటళ్లు పెరిగి, ఊరివారికి చిరాకు తప్ప ఏమీ మిగలని స్థితిలో, బాధ్యతాయుత పర్యాటకమనే ప్రయోగం మొదలుపెట్టారు. కుటుంబశ్రీ మహిళలు పండించిన కూరగాయలు హోటళ్లు కొనేటట్టు ఏర్పాటు చేశారు. కొబ్బరిపీచు తాడు పేనడం, చాపలల్లడం చూపించి, ఆ రుసుము ఆ ఇంటివారికే చేరేటట్టు చూశారు. మొదట తడబడ్డారు, పిదప నిలదొక్కుకున్నారు. 2017లో కేరళ ప్రభుత్వం దానికొక మిషన్‌నే స్థాపించింది.

మనకు లోటేమిటి? డ్వాక్రా సంఘాలు ప్రతి ఊళ్లో ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో ముదినేపల్లి, కైకలూరు మండలాలు కృష్ణాజిల్లానుంచి కొత్త ఏలూరు జిల్లాలో చేరాయి. కనుక కొల్లేటిలో అధికభాగమూ దాని దారీ ఒకే కలెక్టరు కిందికి వచ్చాయి. ఒక్క యాత్రాబస్సును ఒక రాత్రి ఇక్కడ ఆపడానికి పెద్ద పథకమేమీ అక్కరలేదు. భోజనం ఊరి సంఘం వండాలి. పడవ ఊరివాడు నడపాలి, ఎంత దగ్గరికి పోవాలో అతడే చెప్పాలి, మనం వినాలి. అక్కినేని కుటుంబరావుగారి "కొల్లేటి జాడలు" నవలను బయలుదేరేముందు బస్సులో ఇద్దరైనా చదివి ఉంటే, పెద్దింట్లమ్మ ఎవరో, వడ్డివారి బతుకు ఏమిటో అడగడానికి నోటిలో ప్రశ్నలుంటాయి.

ఇది ఎక్కడినుంచో అరువు తెచ్చుకున్న ఊహ కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్నంనుంచి సుమారు నూరుమంది పరివారంతో కాశీకి బయలుదేరి పదిహేను నెలలపైన తిరిగారు. అదీ బృందయాత్రే. ప్రతి మజిలీలో ఏ సరుకులు దొరుకుతాయి, నీరెలా ఉంది, ఏయే కులాలవారు ఎలా బతుకుతున్నారు అని రాసుకుంటూ పోయారు. నూరుమంది తిండి దారిలోని ఊళ్లే పెట్టాలి గనుక ఆ ఊళ్ల సంగతి ఆయనకు పట్టింది. మనకు పట్టకపోవడానికి కారణం, మన తిండి బస్సు డిక్కీలో ఉండటమే కామోసు.

కార్తీకంలో తీరికలేదంటే ఫాల్గుణముంది. కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ తిరునాళ్లు శుద్ధ పాడ్యమినుంచి పున్నమివరకూ సాగుతాయి. అప్పుడు వ్రతాల అడ్డు లేదు, కొర్రమీను పులుసుకు నిషేధమూ లేదు. పిల్లపక్షులకు రెక్కలు వచ్చి ఉంటాయి. మూడుపదుల మంది కలిసి బస్సు మాట్లాడుకునేవారెవరైనా ఉంటే, బేరమాడేటప్పుడు ఆ ఒక్క రాత్రి కూడా కలిపి అడగండి. బస్సువాడు వెయిటింగు చార్జీ అంటాడు. ఇవ్వండి.