తీపి యింటి పాఠము

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అని మన పెద్దల మాట. ఐరోపా దేశములలో ఆ మొదటి కష్టమును పసిపిల్లలు సైతము ఏటేట డిసెంబరు మాసమున రుచి చూచుచుందురు. వారు కట్టునది జింజర్‌బ్రెడ్ ఇల్లు. శొంఠిపొడి, దాల్చినచెక్క, లవంగము, తేనె చేర్చిన పిండితో గోడలను, కప్పును కాల్చి, గ్రుడ్డు తెల్లసొనలో పంచదార పొడి గిలకొట్టి చేసిన చిక్కని ముద్దతో వానిని అతికి నిలబెట్టుదురు. ఇది పిల్లల ఆటయే కదా యని కొందరు తేలికగా చూడవచ్చును. మేమట్లు తలంపము. ఇంటిల్లిపాదియు కూర్చుండి చేతులార చేసినప్పుడు ఇది యొక మంచి చదువు అని మా అభిప్రాయము.

జర్మనీలోని న్యూరెంబర్గు నగరమున ఈ రొట్టె చేయువారికి 1643లోనే ప్రత్యేక సంఘము ఏర్పడినది. 1812లో గ్రిమ్ సోదరులు ప్రకటించిన హాన్సెల్, గ్రెటెల్ కథలో అడవి నడుమ రొట్టె గోడలు, కేకు కప్పు, చక్కెర కిటికీలు గల ఇల్లొకటి కలదు. ఆ కథ ప్రచారము పొందిన పిమ్మట ఇట్టి ఇండ్లు కట్టు వేడుక ఇంటింట వ్యాపించినది.

పరాయివారి వంటకము గొడవ మనకేల యని అడుగువారు ఉండవచ్చును. అందలి అల్లము ఒకనాడు మలబారు తీరమునుండి అరబ్బు వర్తకుల ఓడలలో పడమటికి పోయినదే. ఆంగ్లేయుల 'జింజర్', అరబ్బుల 'జంజబీల్' రెండింటికిని మూలము భారతదేశపు మాటయే. ఇక మన కళాశాలలో ఉర్దూవారనెడు 'సోంఠ్', తెలుగువారనెడు 'శొంఠి' ఒక్క తల్లి బిడ్డలు.

పని సంగతి చూతము. రెండు ప్రక్కగోడలు, శిఖరముగల రెండు ముఖపు గోడలు, రెండు కప్పు పలకలు, వెరసి ఆరు ముక్కలు. ముందుగా అట్టపై కొలతలు గీసి కత్తిరింపవలెను. పిండిని అర సెంటీమీటరు మందమున ఒత్తి, అట్టను పెట్టి కోసి, సుమారు 180 డిగ్రీల వేడిలో కాల్చవలెను. కొలత తప్పిన గోడను కాలిన పిమ్మట దిద్దుట కష్టము. వేడి ఆరకముందే అతికినచో పంచదార ముద్ద కరగి జారును. గోడలు గట్టిపడుటకు కొన్ని గంటలు ఆగక కప్పు వేసినచో ఇల్లు కూలును. తొందరపడిన బిడ్డను తండ్రి కోప్పడ నక్కరలేదు. కూలిన కప్పే బుద్ధి చెప్పును.

ఈనాడు కాల్చిన ముక్కలు పెట్టెలలో అమ్మకమునకు వచ్చుచున్నవి. పొయ్యి వసతి లేని ఇంటికి అది మేలే, కాదనము. కాని కొలత, కాల్పు రెండును ఇతరులే ముగించియుండగా మనకు మిగులునది అతుకుట, రంగుబిళ్లలు అద్దుట మాత్రమే.

చేతిపని విలువ నార్వేలోని బెర్గెన్ నగరమున తెలియవచ్చినది. అచ్చట 1991నుండి బడిపిల్లలు, కుటుంబములవారు చేసి తెచ్చిన తీపి యిండ్లతో ఒక పట్టణమునే కూర్చుచున్నారు. 2009 నవంబరులో, ప్రారంభమునకు కొలది దినములముందు, ఎవరో చొరబడి దానిని ధ్వంసము చేసిరి. నగరవాసులు విలపించుచు కూర్చుండక మరల పిండి కలిపిరి. ఆ యేడును ప్రదర్శన జరిగినది. అన్ని ఇండ్లలో ఆ పని తెలిసిన చేతులు ఉండుటచేతనే అది సాధ్యమైనది.

మన విద్యార్థులు కోణములను, కొలతలను పుస్తకములలో చదివి పరీక్షలలో వ్రాయుచున్నారు. చేతితో ఒక వస్తువును చేసి, చెడగొట్టి, మరల చేయు అవకాశము వారికి అరుదు. కావున కళాశాల సంఘమువారికి మా మనవి యొకటి. ప్రదర్శనలలో బహుమతి నిర్ణయించునపుడు వస్తువు మెరుపును గాక, అందు విద్యార్థుల చేతిపని యెంతయో ముందుగా విచారింపవలెను. కొని తెచ్చి అంటించిన సొగసుకంటె, కొంచెము వంకరగా నిలిచినను నలుగురు కూడి స్వయముగా కట్టిన ఇల్లే మాకు మిన్న.