నీడకు ముందు, మనిషికి వెనుక

చలనచిత్ర వీరుని ప్రతిమను కొని తెచ్చి బల్లపై నిలుపుకొనుట నేటి యువజనులకు పెద్ద ముచ్చట. జానెడు బొమ్మ మొదలు నిలువెత్తు కంచు విగ్రహము వరకు ఈ ముచ్చటకు రూపములు పెక్కు. ఇది పిల్లచేష్టయని కొట్టివేయు పెద్దలు కలరు. కళాభిమానమని సమర్థించు వారును కలరు. ఈ రెండు తీర్పులలో ఏదో యొకటి వ్రాసివేయుటకు పూర్వము, అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున ఒక సినిమా వీరుని విగ్రహము చుట్టు అల్లుకొనిన చరిత్రను మన ఉపాధ్యాయులును విద్యార్థులును తెలిసికొనుట మంచిది.

1976లో ‘రాకీ’ అను చిత్రము వెలువడెను. పేదవాడలో నివసించు ఒక అనామక బాక్సరు ప్రపంచ విజేతతో తలపడుట అందలి ఇతివృత్తము. కథను వ్రాసినవాడును, నాయక పాత్రను ధరించినవాడును సిల్వెస్టర్ స్టాలోన్. ఆ యేటి ఉత్తమ చిత్రముగా దానికి ఆస్కార్ బహుమానము లభించెను. రాకీ వేకువజామున నగర వీథుల వెంట పరుగెత్తి, కళా మ్యూజియము ముందరి 72 మెట్లెక్కి, పైన నిలిచి రెండు చేతులు పైకెత్తును. ఈ యొక్క దృశ్యము కోట్లాది ప్రేక్షకుల మనస్సులలో నాటుకొనిపోయినది. విశేషమేమనగా, ఆ చిత్రములో రాకీ గెలువడు. పదునైదు రౌండ్లు నిలిచి పోరాడి, న్యాయనిర్ణేతల లెక్కలో ఓడిపోవును. ఓడియు కూలిపోకుండుటయే అతని ఘనత. సామాన్యుడు అతనిని తనవానిగా భావించుటకు కారణమిదియే.

1982లో విడుదలైన మూడవ రాకీ చిత్రము కొరకు, స్టాలోన్ కోరగా, ఎ. థామస్ షోంబర్గ్ అను శిల్పి ఎనిమిదిన్నర అడుగుల కంచు విగ్రహమును రూపొందించెను. చిత్రీకరణకై దానిని మ్యూజియము మెట్లపై నిలిపిరి. ఆ పని ముగియగానే వివాదము ప్రారంభమయ్యెను. ఇది కళాఖండము కాదు, సినిమా సామగ్రి మాత్రమేయని కళాధికారులు వాదించిరి. అది మా నగర చిహ్నమని జనులు వాదించిరి. విగ్రహము దక్షిణ ఫిలడెల్ఫియాలోని స్పెక్ట్రమ్ క్రీడాశాలకు తరలిపోయెను. తుదకు 2006 సెప్టెంబరులో దానిని ఆ మెట్ల పాదమునకు తెచ్చి నిలిపిరి. ఈ విగ్రహమునకు పోత పోసిన ప్రతులు మూడు. బల్లపై పెట్టుకొన దగిన చిన్న నమూనాలును సేకరణప్రియుల యిండ్లకు చేరినవి.

కథ ఇంతటితో ముగిసినచో ఇది కళయా, సరుకా అను చర్చ మాత్రమే మిగులును. కాని అదే నగరమున, అదే కాలమున, నిజమైన బాక్సరు ఒకడు జీవించియుండెను. అతని పేరు జో ఫ్రేజియర్. 1944లో దక్షిణ కరోలినా రాష్ట్రమున పేద వ్యవసాయ కుటుంబమున జన్మించిన నల్లజాతివాడు. ఫిలడెల్ఫియా చేరి, కబేళాలో కూలిపని చేయుచు బాక్సింగు నభ్యసించెను. 1964 టోక్యో ఒలింపిక్ క్రీడలలో, బొటనవ్రేలు విరిగినను ఆ సంగతి దాచి తుదిపోటీలో పోరాడి, స్వర్ణపతకము గెలిచెను. 1971 మార్చి 8న న్యూయార్కులో మహమ్మద్ అలీని పదునైదు రౌండ్ల పోరులో ఓడించెను. వృత్తి క్రీడాకారునిగా అలీకి అదియే తొలి పరాజయము.

రాకీ చిత్రములో నాయకుడు శీతలగృహమున వ్రేలాడు మాంసపు కండలను పిడికిళ్లతో గ్రుద్దుచు సాధన చేయును. ఆ సాధనయు, మ్యూజియము మెట్లపై పరుగును తన జీవితమునుండి తీసికొన్నవేయని ఫ్రేజియర్ చెప్పుచుండెడివాడు. ఆ చిత్రములో అతడు తన స్వనామముతోనే ఒక్క క్షణము కనబడును కూడ. 2008లో, బ్రాడ్ వీథిలోని అతని వ్యాయామశాల మూతపడెను. 2011 నవంబరు 7న అతడు కన్నుమూసెను. అతని విగ్రహమును ఆ నగరము ప్రతిష్ఠించినది 2015 సెప్టెంబరులో. మూడవ చిత్రము విడుదలైన నాటినుండి లెక్కించినను 33 సంవత్సరములు! కల్పిత వీరుడు తెల్లవాడు, నిజమైన వీరుడు నల్లవాడు. ఈ భేదమునకును ఆ ఆలస్యమునకును సంబంధము లేదని ఎవరైన అన్నచో నమ్ముట కష్టము.

ఇందుకు రాకీని నిందింపవలసిన పని లేదు. కల్పనలోని మనిషికి విగ్రహమెత్తుట తప్పు కాదు. పరదేశమునుండి వచ్చిన యాత్రికుడు ఆ మెట్లెక్కి చేతులెత్తినపుడు, అతడు తన కష్టములను తలచుకొని ఒక్క నిమిషము ధైర్యము తెచ్చుకొనుచున్నాడు. అట్టి ధైర్యమును ప్రసాదించు బొమ్మ వ్యర్థమైనది కాదు. కాని కల్పన ఎన్నడును శూన్యమునుండి పుట్టదు. ఎవరి చెమటయో, ఎవరి గాయమో దానికి మూలధనము. నీడను పూజించి, ఆ నీడ నిచ్చిన మనిషిని మరచుట అప్పు తీసికొని ఎగవేయుట వంటిది. ఫిలడెల్ఫియా ఆ అప్పును ఆలస్యముగా నైనను కొంత తీర్చుకొన్నది. ఆ విగ్రహమును చూచుటకు ఫ్రేజియర్ మాత్రము లేడు.

ఈ విషయమున మనమును ఆత్మపరీక్ష చేసికొనవలసియున్నది. 1974లో వచ్చిన చలనచిత్రము వలన అల్లూరి సీతారామరాజు మన యింటింటికి చేరెను. అది ఆ చిత్రము చేసిన మేలు. అయితే ఆ పేరు వినగానే నటుని ముఖము మాత్రమే స్ఫురించు విద్యార్థికి, 1924 మే 7న ప్రాణములు విడిచిన ఆ వీరుని సమాధి కృష్ణదేవిపేటలో నున్నదని చెప్పవలసినవారెవరు? ఆ పోరాటమున వెంట నడచిన మన్యపు గిరిజనుల పేర్లు చెప్పవలసినవారెవరు? ఆ బాధ్యత చిత్ర నిర్మాతలది కాదు, మనది.

కావున విద్యార్థి యింట వీరుని ప్రతిమను చూచిన ఉపాధ్యాయుడు దానిని తీసివేయుమని కోపింపనక్కరలేదు. కొన్ని ప్రతిమల పీఠముపై సంఖ్య చెక్కియుండును. అట్టివి లోకమున ఎన్ని యున్నవో అది చెప్పును. ఆ బొమ్మ ఎవరి బ్రతుకునుండి పుట్టినదో చెప్పదు. ఆ ప్రశ్నను బాలునికి ఒప్పగించి, జవాబును గ్రంథాలయమునుండి వెదకి తెమ్మనవలెను. బొమ్మను కొన్నవాడు కొనుగోలుదారు మాత్రమే. దాని వెనుకనున్న మనిషిని కనుగొన్న నాడు అతడు నిజముగా విద్యార్థి యగును.