వాట్లు ఒకటే, వెలుగు వేరు

రంజాన్‌కు ముందు నెలలో మా వీధిలో ఒక ఇంట జరిగిన సంగతితో ఈసారి శీర్షికను ప్రారంభిస్తున్నాము. ఆ ఇల్లాలు మగ్గం పని చేస్తారు. పెళ్లికూతురి దుపట్టా ఒకటి ఆమె చేతికి వచ్చింది. పగలంతా వంటకూ పిల్లలకూ సరిపోవడం వల్ల ఆమె మగ్గం ముందు కూర్చునేది ఇషా నమాజు తరువాతనే. నాలుగు రాత్రులు కుట్టిన పనిని అయిదవ రోజు ఉదయం వాకిట్లోకి తెచ్చి చూడగా, ఎర్రని పూరేకుల నడుమ రెండు చోట్ల మెరూన్ దారం పడి ఉంది. విప్పి మళ్లీ కుట్టడానికి రెండు రోజులు పట్టింది. తన చూపు మందగించిందేమోనని ఆమె దిగులుపడ్డారు. మా అనుమానం మాత్రం మగ్గం పైన వేలాడుతున్న బల్బు మీదికి పోయింది. తోపుడుబండి మీద కొన్న ఆ బల్బు పెట్టెపై 9 వాట్లు అన్న మాట తప్ప మరొక వివరం లేదు.

ఆమెతో కలిసి విద్యుత్ సామగ్రి దుకాణానికి వెళ్లాము. "భాయ్, ఇదీ తొమ్మిది వాట్లే, అదీ తొమ్మిది వాట్లే. దీని ధర మూడింతలెందుకు?" అని ఆమె అడిగారు. "వాట్లు ఒకటే ఆపా, వెలుగు వేరు" అని దుకాణదారు నవ్వారు.

ఆ మాట అక్షరాలా నిజం. వాట్ అనేది బల్బు తినే కరెంటుకు కొలత. అది ఇచ్చే వెలుగుకు కొలత ల్యూమెన్. ఫిలమెంటు బల్బుల కాలంలో వాట్లు పెరిగితే వెలుగూ పెరిగేది కనుక, వాట్లనే వెలుగుగా భావించడం మనకు అలవాటైపోయింది. నాటి 60 వాట్ల బల్బు సుమారు 700 ల్యూమెన్లు ఇచ్చేది. నేటి మంచి ఎల్‌ఈడీ బల్బు 9 వాట్లతోనే దాదాపు 900 ఇస్తుంది. రోజుకు అయిదు గంటల చొప్పున వెలిగిస్తే నెలకు మొదటిది 9 యూనిట్లు, రెండవది 1.35 యూనిట్లు ఖర్చు చేస్తుంది. నాసిరకం బల్బు కూడా అంతే కరెంటు తిని, వెలుగు ఇవ్వడంలో మాత్రం పిసినారితనం చూపగలదు. కనుక పెట్టె మీద మొదట వెతకవలసినది ల్యూమెన్ల సంఖ్య.

అయితే మగ్గం దగ్గర తంటా వెలుగు తక్కువైనందువల్ల రాలేదు, రంగు వల్ల వచ్చింది. తెల్లని వెలుగునిచ్చే ఎల్‌ఈడీలో నిజానికి ఉండేది నీలి కాంతినిచ్చే చిప్. ఆ నీలి చిప్‌ను సాధించినందుకే జపానులో పుట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో నోబెల్ బహుమతి లభించింది. చిప్ పైన పూసిన పసుపు రంగు ఫాస్ఫర్ పొర నీలి కాంతిలో కొంత భాగాన్ని పసుపుగా మారుస్తుంది. రెండూ కలిసి కంటికి తెల్లగా కనిపిస్తాయి. చవకరకం పూతలో ఎరుపు పాలు తక్కువ. కాంతిలోనే ఎరుపు లేనప్పుడు ఎర్ర దారం తన రంగును ఎక్కడి నుండి తెచ్చి చూపుతుంది? అది మెరూన్ పక్కన మెరూన్‌లాగే ఒదిగిపోతుంది.

ఈ గుణాన్ని కొలిచేది సి.ఆర్.ఐ. దీనికి గరిష్ఠం 100. పాత ఫిలమెంటు బల్బు ఇంచుమించు అక్కడికి చేరుతుంది. ఇళ్లకు 80 ఉన్నది సరిపోతుంది. దారాలతో, బట్టలతో పనిచేసేవారికి 90 ఉండాలని మా అభిప్రాయం. ఇందులోనూ ఒక మెలిక ఉంది. ఈ సంఖ్య ఎనిమిది లేత రంగుల సగటు మాత్రమే. గాఢమైన ఎరుపును ఆర్9 పేరుతో విడిగా కొలుస్తారు. సి.ఆర్.ఐ. 80 ఉన్న బల్బుకు ఆర్9 సున్నాకు దగ్గరగా ఉండవచ్చు. పెళ్లి బట్టలలో ఎరుపే రాజ్యమేలే మన ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు.

కెల్విన్ సంఖ్య వేరు. 2700 అంటే దీపపు పసుపు, 6500 అంటే నీలిఛాయ గల తెలుపు. తెల్లనిది ఎక్కువ వెలుగునిస్తుందని చాలామంది అనుకుంటారు. అది వెలుగు ఛాయే తప్ప పరిమాణం కాదు.

ఇక నాణ్యత ప్రమాణాల విషయం. చవక బల్బులన్నీ చెడ్డవని మేము అనము. 2014లో 310 రూపాయలకు కొన్న ఎల్‌ఈడీ బల్బును ప్రభుత్వ సంస్థ పెద్ద మొత్తంలో కొనుగోలు చేయడం వల్ల రెండు మూడేళ్లలోనే 38 రూపాయలకు పొందగలిగింది. కనుక చూడవలసినది ముద్రను. భారతీయ ప్రమాణాల సంస్థ వారి ఐ.ఎస్. 16102 ప్రమాణంలో మొదటి భాగం భద్రతకు, రెండవ భాగం పనితీరుకు సంబంధించినది. ముద్ర కింద ఆర్ అక్షరమూ, దాని వెంట ఎనిమిది అంకెలూ ఉండాలి. బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో ఆ సంఖ్యను నమోదు చేస్తే తయారీదారు ఎవరో తెలుస్తుంది. అది లేని బల్బులో లోపలి తీగలకు సరైన రక్షణ ఉన్నదని నమ్మకం లేదు. హోల్డర్‌లో బిగించే చేతికి షాక్ తగిలే ప్రమాదం ఉంది. నక్షత్రాల లేబుల్ 2018 నుండి తప్పనిసరి అయింది. అయితే ఆ నక్షత్రాలు వాట్‌కు ఎన్ని ల్యూమెన్లు వస్తున్నాయో చెప్పేవే. అయిదు నక్షత్రాలు ఉన్నంత మాత్రాన ఎరుపు చక్కగా కనిపిస్తుందనుకోరాదు.

పెట్టె మీద 25,000 గంటలు అని ఉంటే, రోజుకు అయిదు గంటల లెక్కన పదమూడేళ్లు దాటాలి. సాధారణంగా ఆ గంటలు వెలుగు మొదటి దానిలో 70 శాతానికి తగ్గే వరకు వేసిన లెక్క. అంతకు ముందే బల్బు మొదట్లో ఉండే డ్రైవర్ వేడికి పాడైపోవడం మన ఇళ్లలో తరచు జరిగేది. మూసి ఉన్న గాజు గోళంలో బిగిస్తే ఆ ముప్పు ఇంకా ఎక్కువ. గ్యారంటీ ఉన్న బల్బు కొని, రసీదును దాచి ఉంచడం మంచిది.

ఆమె సి.ఆర్.ఐ. 90, 4000 కెల్విన్ ఉన్న బల్బు ఒక్కటే మగ్గం కోసం కొన్నారు. తక్కిన గదులకు మామూలువి చాలన్నారు. దుకాణదారు సలహాపై తీగను కిందికి దించి వేలాడదీశారు. దూరం సగమైతే వెలుగు ఇంచుమించు నాలుగింతలవుతుంది కనుక వాట్లు పెంచనక్కరలేకపోయింది. దుపట్టా పెళ్లివారికి చేరింది. ఎరుపు, మెరూన్ దారపు ఉండలను మాత్రం ఆమె ఇప్పటికీ వేర్వేరు డబ్బాలలోనే పెడుతున్నారు.