పెఱటి తలపులు: గ్రద్ద యెంత బరువు నెత్తగలదు?



గడచిన మాఘమాసమున మా యింటికిని పొరుగింటికిని నడుమ పెద్ద తగవు రాబోయి తప్పిపోయినది. దానికి కారణము రెండు పెఱళ్ళ నడిమి వేపచెట్టు పైకొమ్మన కట్టుకొన్న గ్రద్దగూడు. మా డోర్నకల్లు రైలు కూడలి. కొత్తగూడెమునకు బోవు దారి యిచటనే చీలును. రేయింబవళ్ళు బండ్ల కూతలు వినవచ్చుచునే యుండును. గ్రద్దలకు ఈ సందడి యొక లెక్కలోనిది కాదు. 1939లో ప్రతిష్ఠ జరిగిన ఎపిఫనీ కెథెడ్రలు మీదుగా తిరుగుచు, మాంసపుటంగళ్ళపై కన్నువేసి, మనుష్యుల నడుమనే కాపురము చేయును.

పొరుగింటి పెద్దమ్మగారి కుమార్తె పురిటికి వచ్చి మూడు నెలల బిడ్డతో నున్నది. పెద్దమ్మగారు ప్రతిదినము బిడ్డకు నూనె రాచి, నలుగు పెట్టి, లేత యెండలో పెఱటి మంచముపై పరుండబెట్టుదురు. ఒకనాటి యుదయమున ఆ మంచమునకు బారెడు దూరమున మేయుచున్న కోడిపిల్లను గ్రద్ద రివ్వున దిగి తన్నుకొనిపోయెను. తల్లికోడి గోలయు పెద్దమ్మగారి గోలయు నొక్కమాఱే వినబడినవి. ఆ సాయంకాలమే యెవరో పిల్లవాడు వారికి ఫోనులో నొక బొమ్మను జూపినాడట. ఏదో విదేశపు తోటలో పెద్ద గ్రద్ద దిగి, పసివానిని పట్టి పైకెత్తి, కొంచెము దూరము పోయి జాఱవిడిచినది. ఇక నేమున్నది! మఱునాడు గొడ్డలివాడు వచ్చి మా గడప ముందు నిలిచెను. చెట్టు ఉభయులది గనుక నా యొప్పుదలయు కావలెనట.

"అమ్మాయీ, కోడిపిల్ల పోయిన పోయినది. రేపు నా మనుమరాలిని ఎత్తుకొనిపోయిన నెవరు తెచ్చి యిత్తురు?" అని పెద్దమ్మగారు కంట తడిపెట్టిరి.

గూటిలో పిల్లలున్నవి. తల్లి యెఱ తెచ్చినప్పుడెల్ల వాని సన్నని కూతలు మా వంటింటి కిటికీకి వినవచ్చును. కొమ్మ నఱికినచో నవి చచ్చుట నిశ్చయము. అట్లని పసిబిడ్డ విషయమున "భయము లేదు" అని తేలికగా ననుటయు తప్పే. నిజముగా లేదని తెలిసికొని గదా యనవలెను! "ఒక్క దినము గడువిండు, పెద్దమ్మగారూ" అని వేడుకొంటిని. వారు ఒప్పుకొనిరి. గొడ్డలివానికి ఆనాటి కూలి మాత్రము నేనే యిచ్చుకొంటిని.

మావారు బడినుండి వచ్చునప్పుడు కిరాణా కొట్టువారి త్రాసు నడిగి తెచ్చిరి. శిబి చక్రవర్తి కథలోను త్రాసు పెట్టినది డేగ కొఱకే గదా యని నవ్వుకొంటిని. గంప క్రింద మిగిలిన కోడిపిల్లను తూచగా 60 గ్రాములున్నది. మనుమరాలి బరువు అంగన్‌వాడీ కార్డులో నున్నది: 5 కిలోల 400 గ్రాములు. ఇక గ్రద్దను పట్టి తూచుట మావల్ల కానిపని గనుక గ్రంథములను నమ్మవలసివచ్చినది. మన యిండ్లపై తిరుగు, తోక చీలియుండు మట్టిరంగు గ్రద్ద బరువు ఇంచుమించు ముప్పాతిక కిలో. ఎంత బలిసినదైనను కిలోకు అటునిటు. ఱెక్కలు విప్పిన నాలుగున్నర అడుగులుండుటచే మన కన్నులకు మహాకాయముగా దోచును గాని, అందు చాలభాగము ఈకలును, బోలు ఎముకలును. చెఱువుల కడ తిరుగు, తల తెల్లగాను మేను ఇటుకరంగుగాను ఉండి, మనము చూచి చెంపలు వేసికొను గరుడపక్షి ఇంతకంటెను చిన్నది. ముప్పాతిక కిలో యైనను తూగదు.

"ఏడు గ్రద్దలను ఒక తట్టలో వేసిన గాని మీ మనుమరాలు తూగదు, పెద్దమ్మగారూ! ఇన్నేండ్లుగా కోళ్ళను బెంచుచున్నారు గదా, కోడిపిల్లను గాక పెట్టను గ్రద్ద యెత్తుకొనిపోవుట ఏనాడైన చూచితిరా?" అని యడిగితిని. వారు కొంతసేపు ఆలోచించి, చూడలేదనిరి. కిలోకు మించిన నాటుకోడినే యెత్తలేనిది అయిదు కిలోల బిడ్డ నెట్లెత్తును? ఏ పక్షియైనను తన దేహమంత బరువును గోళ్ళ బట్టుకొని నేలనుండి లేచుట మిక్కిలి అరుదు. అందులో సగము మోసినదనిన గట్టిదనియే చెప్పవలెను.

ఫోనులోని బొమ్మ సంగతియు తేలినది. అది 2012 డిసెంబరులో కెనడా దేశపు మాంట్రియల్ నగరమున, కంప్యూటరుతో బొమ్మలు కల్పించుట నేర్చుకొను విద్యార్థులు పరీక్షపనిగా చేసినది. అందలి గ్రద్దయు కల్పితమే, గాలిలోనికి లేచిన బిడ్డయు కల్పితమే. చేసినవారి కళాశాలయే ఆ మాట వెంటనే ప్రకటించినది. ప్రకటన మూలనబడినది, బొమ్మ మాత్రము డోర్నకల్లు దాక వచ్చినది!

"మఱి గరుత్మంతుడు ఏనుగును తాబేటిని ఎత్తలేదా?" అని పెద్దమ్మగారు నన్ను నిలవేసిరి. వారు భారతము విన్నవారు. నేనును మా నాన్నగారి యొద్ద ఆదిపర్వము చదువుకొన్న దానను గనుక నాకు సంతోషమే కలిగినది. ఆస్తి పంపకమున కలహించి యొకరినొకరు శపించుకొని ఏనుగును తాబేలును అయిన సుప్రతీక విభావసు లను అన్నదమ్ములను గోళ్ళ బట్టి, గరుడుడు మహావృక్షపు కొమ్మపై వ్రాలగా ఆ కొమ్మ విఱిగినది. దానికి వాలఖిల్య మునులు తలక్రిందుగా వ్రేలాడుచుండుట చూచి, కొమ్మను ముక్కున గఱచుకొని యెగిరినాడు. "దేవాంశ గల పక్షి కథలోనే బరువునకు కొమ్మ విఱిగినదని వ్యాసులవారు మఱువక చెప్పిరి. మన వేప మీదిది ముప్పాతిక కిలో" అంటిని. వారికి నవ్వు వచ్చినది. నవ్వు వచ్చిన పిదప వినుట సులభము.

పక్షి యెంత పెద్దదైన అంతకు తగినట్లు మోయునని మనమనుకొందుము. అదియు సరికాదు. లడ్డులు చుట్టునప్పుడు చూడుడు. ఉండ అడ్డుకొలత రెట్టింపు చేసితిమేని పిండి రెండింతలు గాదు, ఎనిమిదింతలు పట్టును. ఆ యుండపై వెండిరేకు అంటింపవలెనన్న నాలుగింతలే చాలును. పక్షికిని ఇదే లెక్క. నిడివి రెట్టింపైన పక్షికి బరువు ఎనిమిదింతలగును. గాలిని నొక్కు ఱెక్కల వైశాల్యము నాలుగింతలే. కండ బలము కండ లావును బట్టి యుండును గనుక అదియు నాలుగింతలే. కావుననే పెద్ద పక్షికి తన మేను తాను మోసికొనుటయే పెద్ద పని.

పరిమాణమును బట్టి చూచిన చిన్న డేగలే మేటి వేటకాండ్రు. మన మామిడితోటలలో చెట్టునుండి చెట్టునకు దూసికొనిపోవు శిక్రా యను చిన్న డేగ 100 మొదలు 250 గ్రాముల లోపుది. తొండలు, ఎలుకలు, పిచ్చుకలు దాని భోజనమే యైనను, ఒక్కొకప్పుడు తనకు సరితూగు పక్షినిగూడ పడగొట్టును. ఈ జాతి కాపురములలో ఇల్లాలే పెద్దది, ఇంటివాడు చిన్న. డేగవేట నెఱిగిన పూర్వులు ఆడదానిని శిక్రా యనియు మగదానిని చిపక్ అనియు వేఱువేఱు పేర్లతో పిలిచిరి. ఆడుది గూడు కాచుచుండ, మగది చుఱుకుగా తిరిగి చిన్న యెఱలు తెచ్చి యిచ్చును. ఈ సంగతి చదివి వినిపించినప్పుడు మావారు వార్తాపత్రికను అడ్డముపెట్టుకొనిరి. మన తెలుగున వేటడేగకు సాళువమనియు పేరు. 1485లో విజయనగర సింహాసన మెక్కిన సాళువ నరసింహుని వంశనామ మదియే.

మోయుట వేఱు, చంపుట వేఱు. ఈ భేదము తెలియకనే భయములన్నియు బుట్టుచున్నవి. రోకలిని బియ్యముపై నూరక నిలబెట్టిన దంపుడు కాదు. ఎత్తి వేసిన గదా పొట్టు ఊడును! భైరిడేగ కిలో తూగీ తూగకుండియు, ఆకాశమునుండి గంటకు 300 కిలోమీటర్లకు మించిన వేగమున పడును. వేగము రెట్టింపైన దెబ్బ నాలుగింతలగును. అందుచేతనే తనకంటె బరువైన పక్షినిగూడ అది కూల్చగలదు. రెండవ సాధనము పాదము. గ్రద్దల కాలి నరములో చిన్న చిన్న గఱుకులును, దాని యొఱలో పండ్లవంటి మడతలును గలవు. వ్రేళ్ళు ముడిచినంతనే అవి యొకదానిలో నొకటి చిక్కుకొని, రాట్నపు పండ్లచక్రము వెనుకకు తిరుగకుండ నిలుచునట్లు, పట్టు సడలకుండ నిలుచును. కండ అలసినను పట్టు జాఱదు. వెనుక వ్రేలి గోరు అన్నిటిలో పొడవు. ప్రాణము తీయునది చాలమాఱు లదియే.

పట్టిన యెఱను మోయుటలో నెంత నేర్పు! శీతకాలమున పాకాల వంటి పెద్ద చెఱువులకు వచ్చు చేపలడేగ చేపను పట్టినంతనే దాని తల ముందునకు త్రిప్పి, ఈటెవలె గాలిని చీల్చుచు పోవును. అడ్డముగా పట్టిన గాలి నిలువరించును గదా. మెట్టపొలములపై గాలిలో నొకేచోట నిలిచి నేలను పరికించు పాములగ్రద్ద యుపాయము ఇంకను వింత. చంపిన పామును తలవైపునుండి మ్రింగి, తోక మాత్రము ముక్కునుండి వ్రేలాడుచుండ గూటికి పోవును. పిల్ల ఆ తోక పట్టి లాగికొని తినును. పాము విషము దానిని చంపదని కొందఱందురు గాని, దానికి విషరక్ష లేదు. కాళ్ళమీది దట్టమైన పొలుసులును, మెలకువయు దానికి రక్ష.

ఇంతవఱకు చెప్పి యూరకున్నచో పెద్దమ్మగారికి సగము నిజమే చెప్పినదాన నగుదును. లోకమున పెద్ద గ్రద్దలు లేకపోలేదు. మంగోలియాలో కజకులు అయిదాఱు కిలోల గ్రద్దను ముంజేతిపై నెక్కించుకొని నక్కలను వేటాడింతురు. న్యూజిలాండున 10 మొదలు 15 కిలోలు తూగు హాస్ట్ గ్రద్ద యుండెడిది. మోవా యను ఎగురలేని మహాపక్షులను అది కూల్చెడిది. మనుష్యులు మోవాలను తిని ముగింపగా, సుమారు 600 ఏండ్ల క్రిందట అదియు నశించినది. ఆఫ్రికాలోని కిరీటపు గ్రద్ద నాలుగు కిలోలదే యైనను కోతులను, చిన్న లేళ్ళను చంపును. దక్షిణాఫ్రికాలో టాంగ్ అనుచోట 1924లో దొరికిన శిశుకపాల మొకటి గలదు. అది 20 లక్షల ఏండ్లకు పైబడినది, మానవజాతికి పూర్వబంధువైన జాతికి చెందిన మూడు నాలుగేండ్ల బిడ్డది. దాని కంటిగూళ్ళలోని గాట్లు గ్రద్దకు చిక్కిన కోతుల కపాలములందలి గాట్లవంటివే యని 2006లో లీ బెర్గర్ అను శాస్త్రజ్ఞుడు చూపెను. ఆ తల్లి యెంత వెదకినదో! ఈ భాగము చదువునప్పుడు నా గొంతు పట్టినది. పెద్దమ్మగారు ఏమియు ననక మనుమరాలిని ఒడిలోనికి తీసికొనిరి.

అయినను ఆ గ్రద్దయు పెద్ద యెఱను ఉన్నచోటనే చీల్చి, ముక్కలుగా కొనిపోవును. మన దేశమున ఆ కిరీటపు గ్రద్ద లేదు. మన వేపచెట్టు గ్రద్దవలని నిజమైన భయము వేఱు. గూటిలో పిల్లలున్న దినములలో చెట్టు క్రింద తిరుగువారి తలపై వెనుకనుండి వచ్చి గోళ్ళతో గీఱుట కలదు. చేతిలోని రొట్టెముక్కను, చేపముక్కను తన్నుకొనిపోవుటయు కలదు. ఆ గోరు పసిదాని చేతికి తగిలిన గాయమగును. కావున పెద్దమ్మగారితో నొక యొడంబడిక చేసికొంటిని. గూడు ఖాళీయగు వఱకు బిడ్డ మంచము మా వసారాలో, చూరు క్రింద నుండవలెను. లేత యెండ అచటికిని వచ్చును. కోడిపిల్లలను గంప క్రింద మేపవలెను. చేపలు కడుగుట చెట్టు క్రింద కూడదు. ఇంతలో పోయిన కోడిపిల్లల వెల నేను చెల్లింపవలెను. ఈ కడపటి షరతు పెద్దమ్మగారిది.

గ్రద్దపిల్లలు ఱెక్కలు వచ్చి గూడు విడుచుటకు ఆఱేడు వారములు పట్టును. ఫాల్గునమంతయు బిడ్డ మా వసారాలోనే నీళ్ళాడినది. నా పుస్తకముపై నూనె చుక్కలు పడినవి. ఉగాదికి నాలుగు దినముల ముందు రెండు పిల్లలలో పెద్దది కెథెడ్రలు వైపునకు తూలుచు తూలుచు ఎగిరినది. దానిని మొదట చూచి నన్ను కేకవేసిన వారు పెద్దమ్మగారే. రెండవది ఇంకొక వారము కొమ్మమీదనే కూర్చుండి తల్లిని పిలుచుచుండెను.

మొత్తమున పోయిన కోడిపిల్లలు అయిదు. అందు రెండు పిల్లి తిన్నదని నేనందును. పెద్దమ్మగారు ఒప్పుకొనరు. ఆ లెక్క ఇంకను తేలలేదు.