మౌస్ వదిలితేనే అంధ విద్యార్థికి కంప్యూటర్ చదువు

బడిలో కంప్యూటర్ ఉంది. చూపులేని విద్యార్థీ ఉన్నాడు. అయినా ఆ రెంటికీ పొత్తు కుదరడం లేదు. “బాణం గుర్తును అక్కడికి తీసుకుపోయి నొక్కు” అని మాస్టారు చెబితే, తెరే కనిపించని పిల్లవాడు ఎక్కడికని తీసుకుపోతాడు? లోపం పిల్లవాడిలో లేదు, నేర్పే పద్ధతిలో ఉంది. మౌస్ చూపున్నవారి పనిముట్టు. అంధులకు కావలసింది కీబోర్డు.

కీబోర్డులో ఎఫ్, జె మీటల మీద చిన్న గీతలు ఉబ్బెత్తుగా ఉంటాయి. చూపుడు వేళ్లు వాటిపై ఆనితే మిగతా అక్షరాల చోటు వేళ్లకే తెలుస్తుంది. చూపున్నవారిలో చాలామంది ఈ గీతలను గమనించనే లేదు.

తెరమీది రాతను చదివి వినిపించే ఎన్.వి.డి.ఎ. అనే సాధనాన్ని 2006లో ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్ ప్రారంభించారు. ఆయన, ఆయనతో కలిసి పనిచేసిన జేమ్స్ టే ఇద్దరూ అంధులే. దీనికి పైసా ఖర్చు లేదు. తెలుగూ చదువుతుంది. గొంతు కాస్త మరలాగే ఉన్నా అర్థమవుతుంది. కంట్రోల్, ఆల్ట్, ఎన్ మీటలు కలిపి నొక్కితే అది మొదలవుతుంది. కంట్రోల్ ఒక్కటే నొక్కితే చదవడం ఆపుతుంది. ఇన్సర్ట్ తో టి నొక్కితే తాము ఏ కిటికీలో ఉన్నదీ చెబుతుంది. ఇన్సర్ట్ తో 1 నొక్కిన తర్వాత ఏ మీట తాకినా దాని పేరు, పని వినిపిస్తుందే తప్ప ఏదీ చెడిపోదు. కొత్తగా నేర్చుకునే ఉపాధ్యాయులకు ఇంతకు మించిన సదుపాయం లేదు. తెర ఆపివేసి ఇలా సాధన చేసిన మాస్టారికే పిల్లవాడు ఎక్కడ తడబడతాడో తెలుస్తుంది.

ఇది ముచ్చట కోసం నేర్చుకునే విద్య కాదు. అంధ అభ్యర్థి కోరితే కంప్యూటర్ మీదే పరీక్ష రాయవచ్చునని 2018 ఆగస్టులో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. మీటలు రాని పిల్లవాడికి ఆ హక్కు కాగితం మీదే మిగులుతుంది. అతడు తన జవాబును మరొకరి చేతిరాతకు అప్పగించవలసిందే. వారు తప్పు రాసినా తెలుసుకునే దారి ఉండదు.

మచిలీపట్నం సమీపంలోని సీతారామపురానికి చెందిన బొల్లా శ్రీకాంత్ ఇంటర్‌లో సైన్సు చదవడానికి కోర్టుకెక్కవలసి వచ్చింది. తర్వాత ఆయన అమెరికాలోని ఎం.ఐ.టి.లో చదివారు. అందరు తల్లిదండ్రులూ కోర్టుకెక్కగలరా?

2016 వికలాంగుల హక్కుల చట్టం ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వాలని చెబుతోంది. అయితే మండలాల్లోని భవిత కేంద్రాల్లో ఒకే ఉపాధ్యాయుడు చెవిటి, బుద్ధిమాంద్యం, చూపు సమస్య ఉన్న పిల్లలందరినీ చూడవలసి వస్తోంది. ఆయనకు బ్రెయిలీతో పాటు కీబోర్డూ నేర్పాలి. పది పన్నెండు మీటల కలయికలతో పని మొదలుపెట్టవచ్చు. దీనికి కొత్త యంత్రాలు అవసరం లేదు, బడిలో ఉన్నవాటికి ఒక జత ఇయర్‌ఫోన్లు చాలు. కంప్యూటర్ పై పరీక్షకు వెళ్లే విద్యార్థి తల్లిదండ్రులు ఒక రోజు ముందే ఆ కంప్యూటర్‌ను చూసుకునే అవకాశం అడగవచ్చు. అదీ ఆ మార్గదర్శకాల్లోనే ఉంది.